బూడిద లేని పొయ్యి

మా ఇంటి గోడ మీద చాలా ఏళ్లు ఐదు వేళ్ల గుర్తు ఉండేది. ఎర్రమన్ను అంటిన చేతిని ఎవరో గోడకేసి తుడుచుకున్న గుర్తు. నాయన రెండుసార్లు సున్నం కొట్టబోతే నేను అడ్డంపడ్డాను. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఆ మనిషి దాన్ని ఏదో ఒకనాడు నా ముందు చాచాలని, నేను చూడాలని తొమ్మిదో ఏటి నుంచీ నా కోరిక. ఆడపిల్లకు అంత పగ పనికిరాదని మా చిన్నమ్మ అనేది. పనికొచ్చింది. నేను చదువుకున్నదీ, ఉద్యోగం చేసిందీ ఆ పగతోనే.

పేద సంసారాలను సర్కారు ఎట్లా ఆదుకోవాలో చెప్పమని మొన్న కొందరు పెద్దమనుషులు నన్ను అడిగారు. వాళ్ల దగ్గర లావుపాటి కాగితాలున్నాయి. నాకు తెలిసిందంతా ఆ ఐదు వేళ్ల దగ్గర మొదలవుతుంది కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

యాభైల మొదట్లో మా దిక్కు వరసగా వానలు తప్పాయి. మాది శింగనమల పక్క ఊరు. అంత పెద్ద చెరువు అడుగు కూడా నెర్రెలు విచ్చింది. నాయన ఎద్దులను సంతకు తోలాడు, తోలిన మర్నాడే చిన్నాయనను వెంటబెట్టుకుని కణేకల్ దిక్కు కాలువ తవ్వే పనికి పోయాడు. ఇంట్లో అమ్మ, నాయనను కన్న మా జేజి, నేను, నా ఇద్దరు చెల్లెళ్లు మిగిలాం. వెనక వాటాలో చిన్నమ్మ, ఆమె ముగ్గురు పిల్లలు. పక్కింట్లో మొగుడు పోయిన అత్త, ఆమె కూతురు. ఈ మూడిళ్లకూ వాకిలి ఒకటే.

కరువంటే తిండి లేకపోవడమని అందరికీ తెలుసు. పొయ్యి కిందికి పుల్ల లేకపోవడం కూడా కరువేనని బయటివాళ్లకు తట్టదు. ఎద్దులు పోతే పేడ లేదు, పేడ లేకపోతే పిడకలు లేవు. కంపచెట్లను జనం మొదలంటా నరికేశారు. పిడికెడు కొర్రలు దొరికినా ఉడకేసుకోవడానికి మంట లేదు. బతికుంటే బలుసాకు తినవచ్చు అని సామెత చెబుతారు కదా, ఆ బలుసాకు ఉడకడానికీ పుల్లలు కావాలి. అలాంటి ఏళ్లలో మా పక్క ఆడవాళ్లు పొయ్యిలు కలుపుతారు. ఎవరి గింజలు వాళ్లు తెచ్చి ఒకే కుండలో పోస్తారు, ఒకే మంట మీద ఉడికిస్తారు, మళ్లీ ఎవరి వంతు వాళ్లు తీసుకుపోతారు. పొయ్యి కలిసినంత మాత్రాన సంసారాలు కలవవు. మా అమ్మకూ పక్కింటి అత్తకూ వారానికి రెండు కొట్లాటలు మామూలే. కొట్లాడుకుంటూనే ఒక్క మంట మీద వండుకున్నారు.

అప్పుడు బడి ముందర సర్కారు గంజి కేంద్రం పెట్టింది. సంసారానికొక చీటీ. చీటీ చూపిస్తే మనుషులెంతమంది ఉన్నా ఐదు గరిటెల జొన్న గంజి పోస్తారు. ఆ చీటీలు రాయడానికి కరువు నాళ్లకని పెట్టుకున్న గుమాస్తా ఒకాయన వచ్చాడు. నల్లమాడ దిక్కు మనిషి. కుడిచేతి బొటనవేలికి వెండి ఉంగరం, చంకలో అట్ట. ఊళ్లో అందరూ చీటీలాయన అనేవాళ్లు.

ఆయన మిట్టమధ్యాహ్నం, పొగ లేచే వేళ చూసుకుని వచ్చాడు. వాకిట్లో నిలబడి, "ఎన్ని పొయ్యిలుండాయమ్మా ఈడ?" అని అడిగాడు.

మా అమ్మ మొహం వెలిగిపోయింది. తమ పొదుపు చూసి మెచ్చుకుంటాడనుకుంది పిచ్చిది. "ఒగటే సామీ. మూడిండ్లోళ్లం కల్సి వండుకుంటాండాం" అంది.

"పొయ్యి ఒగటైతే సంసారం ఒగటే" అన్నాడు ఆయన. ఒక చీటీ రాసి చేతిలో పెట్టి పోయాడు.

పదకొండు నోళ్లకు ఐదు గరిటెలు. అమ్మా, చిన్నమ్మా, అత్తా వరసలు వేసుకుని పస్తులున్నారు. పొద్దస్తమానం తగువులాడుకుంటూ, ఎవరికి వాళ్లు వేరు పొయ్యిలు పెట్టుకుని పచ్చి కంపలు పొగబెట్టిన ఇళ్లకు మాత్రం మూడేసి చీటీలు వచ్చాయి. కలిసి బతికినవాళ్లకు శిక్ష, విడిపోయినవాళ్లకు బహుమానం. ఈ పద్ధతిని ఎవరో చదువుకున్నవాడే కుర్చీలో కూర్చుని ఆలోచించి ఉంటాడు. వాడి ఇంట్లో కట్టెలకు కరువుండి ఉండదు.

పదిరోజులకు, చీటీలాయన ఇంకోసారి చూడటానికి వస్తాడని తెలిసింది. వేరు పొయ్యి కనబడితే వేరు చీటీ రాస్తాడట. మూడిళ్ల ఆడవాళ్లూ ఆ పొద్దే పాత పొయ్యి తీసేసి, మట్టి పిసికి మూడు పొయ్యిలు వేశారు. రెండు లోపల, ఒకటి వాకిట్లో పందిరి కింద. దగ్గరుండి వేయించింది మా జేజి. నడుం వంగిపోయిన మనిషి, పళ్లు లేవు, అయినా పనిలో వంక పెట్టకుండా ఉండలేదు. పొయ్యిగడ్డలు సమంగా ఉన్నాయో లేదో నాలుగు వేళ్ల బెత్తెతో కొలిచింది. ఎర్రమన్నుతో అలికించింది. ముగ్గు పెట్టించి, పసుపూ కుంకుమా పూయించింది. చిన్నమ్మ నిప్పు తేబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమాస మూడు దినాలుండాది. అమాస ముందర కొత్త పొయ్యి అంటిస్తే ఇల్లు నిలవదు. పాడ్యమి పోనీ, అంటిద్దాం" అంది.

ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆకలితో ఉన్న మూడిళ్లు, అలికి ముగ్గు పెట్టిన పొయ్యిల ముందర కూర్చుని అమావాస్య దాటడం కోసం ఎదురుచూశాయి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కడుపూ మండుతుంది. మోసం చేయదలుచుకున్నవాడు పొయ్యికి ముగ్గు పెడతాడా? పాత బూడిద నాలుగు దోసిళ్లు తెచ్చి పోయడం మా వాళ్లకు తట్టనే లేదు.

మర్నాడే ఆయన వచ్చాడు. వంగి పొయ్యిలోకి చెయ్యి పెట్టాడు. చన్నీళ్లలో పెట్టినట్టు తీసేశాడు. రెండో పొయ్యిలో పెట్టాడు, మూడో పొయ్యిలో పెట్టాడు. వేళ్లకు ఎర్రమన్నూ ముగ్గుపిండీ అంటుకున్నాయి తప్ప బూడిద అంటలేదు.

"బూడిద లేని పొయ్యి పొయ్యేనా యాడైనా?" అన్నాడు. "ఎవుర్ని మోసం చేద్దామని? దొంగ పొయ్యిలు!"

"మోసం కాదు సామీ, అమాస ఉండాది, దాటినాక అంటిద్దామని మా యత్త..." అంది అమ్మ, జేజిని చూపిస్తూ.

"సర్కారుకు అమాస లేదు" అన్నాడు. ఉన్న ఒక్క చీటీ కూడా అమ్మ చేతిలోంచి తీసుకున్నాడు. పదిహేను దినాల దాకా గంజి లేదన్నాడు. పోతూ పోతూ వేళ్లకు అంటిన మన్నును మా గోడకేసి తుడుచుకున్నాడు. నేను గడప పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను చూడనైనా లేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఎక్కడో ఎవరో మంచి మనసుతోనే గంజి పంపారు. మా దాకా వచ్చేసరికి అది ఆ మనిషి వేళ్ల దగ్గర ఆగిపోయింది.

ఊళ్లోవాళ్లు తలా ఒక గుక్క మిగిల్చి ఇచ్చారు. జేజి అది కూడా తాగలేదు. "నా నోటి మాట వల్లనే కదా" అనేది. అమ్మ బతిమాలితే, "నాకాకలి కాలేదు పో, పిల్లోళ్లకు పొయ్" అనేది. అమ్మ నోట్లో పోయబోతే పెదాలు బిగించుకునేది. నీళ్లు మాత్రం తాగింది. పన్నెండో రోజు పొద్దున అదీ తాగలేదు. శవానికి నీళ్లు లోపలి పొయ్యి మీద కాచకూడదు కాబట్టి, వాకిట్లో వేసిన కొత్త పొయ్యి ముట్టించారు. పాలు పొంగాల్సిన పొయ్యి మీద మా జేజికి ఆఖరి నీళ్లు కాగాయి. ఆ బూడిద పిడికెడు తీసుకుపోయి చీటీలాయన మొహాన కొట్టాలని నేను బడి దాకా పరుగెత్తాను. ఆయన అప్పటికే వేరే ఊరికి పోయాడు.

తరువాతి పదమూడేళ్లు ఒక్క మాటలో చెప్పేస్తాను. క్రైస్తవుల హాస్టల్లో ఒక టీచరమ్మ నన్ను చేర్చుకుంది, పదో తరగతి దాకా చదివించింది. గ్రామసేవికల శిక్షణకు ఆడపిల్లలు కావాలంటే నేనే ముందు నిలబడ్డాను. గ్రామసేవికంటే ఊరూరూ తిరిగి ఆడవాళ్లకు, పిల్లలకు సర్కారు ఇచ్చేదేదో అందేట్టు చూసే ఉద్యోగం. జాబితాలు రాసే ఉద్యోగం కూడా. అందుకే చేరాను.

అరవైల నడుమ మళ్లీ కరువొచ్చింది. అప్పుడు నేను నల్లమాడ పక్క ఊళ్లకు గ్రామసేవికను. గంజి కేంద్రాలు తెరవాలన్నారు. సంసారాలను ఎట్లా లెక్కపెట్టాలో తేల్చడానికి బ్లాకాఫీసులో అందర్నీ కూర్చోబెట్టారు. ఆఫీసరు కొత్తగా వచ్చిన కుర్రవాడు, కృష్ణా జిల్లా మనిషి. పెద్ద గుమాస్తా పాత కాగితం ఒకటి తీసి చదివాడు. అదే మాట. పొయ్యి ఒక లెక్క, పొయ్యికి ఒక చీటీ.

లేచి నిలబడ్డాను. ఆడమనిషి అంత గట్టిగా మాట్లాడటం ఆ గది ఎరగదు. "పొయ్యి తినదు సార్, నోరు తింటుంది. నోళ్లు లెక్కపెట్టండి" అన్నాను.

"దొంగ లెక్కలు చెప్తారు కదండీ?" అన్నాడు ఆఫీసరు.

"ఊరి ఆడవాళ్లందర్నీ రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి పేర్లు గట్టిగా చదవండి సార్. ఎవరింట్లో ఎవరున్నారో, ఎవరు వలస పోయారో వాళ్లకు తెలియదా? పక్కింటామె నోరు ఊరుకుంటుందా? చీటీ ఇంటి ఆడదాని పేరు మీద రాయండి. మగవాడు కాలువ పనికి పోతే చీటీ వాడితో పోకూడదు. మంచం మీద ఉన్నవాళ్లకు గంజి ఇంటికి తీసుకుపోనివ్వండి. ఎవరి పొయ్యిలోనూ చెయ్యి పెట్టవద్దు."

పెద్ద గుమాస్తా నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని ఏడ్చాను. సంతోషం కాదు. అంత తేలికైన మాట పదమూడేళ్ల కిందట ఒక్కరు అని ఉంటే మా జేజి ఉండేది కదా అని.

నా వంతు ఊళ్లలో ఒకదానిలో జాబితా చదువుతుంటే, వంక గట్టు మీద ఒక ముసలి జంట ఉందని, వాళ్ల పేర్లు రాలేదని ఆడవాళ్లు చెప్పారు. ఆమెకు లేవడానికి చాతకాదట, కొడుకులు బళ్లారి దిక్కు కూలికి పోయారట. "ఆయప్ప ముందట సర్కారులో చీటీలు రాస్తాండె" అంది ఒకామె.

ఒక్కదాన్నే పోయాను. వాకిట్లో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. వేలికి ఉంగరం లేదు, ఉంగరం ఉన్నచోట తెల్లటి మచ్చ ఉంది. "రాండమ్మా, రాండి" అని లేచాడు. గొంతు అదే.

లోపల చాప మీద ఆయన భార్య పడుకుని ఉంది. ఆమె పక్కనే పొయ్యి. ఎర్రమన్నుతో అలికి, ముగ్గు పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

పొయ్యిలో చెయ్యి పెట్టవద్దని రాయించింది నేనే. వంగి నా కుడిచెయ్యి ఆ పొయ్యిలో పెట్టాను. చల్లగా ఉంది. వేళ్లకు మన్ను తప్ప ఏమీ అంటలేదు. ఆ చెయ్యి ఆయన మొహం ముందు చాపాను.

"ఏమప్పా, బూడిద లేని పొయ్యి పొయ్యేనా యాడైనా?"

ఆయన బిత్తరపోయి చూశాడు. చాప మీది నుంచి ఆమే అంది. "మూడు దినాలాయె తల్లీ అంటించి. పొయ్యి ఉత్తగా పెడితే ఇంటికి మంచిది కాదని దేకుతా పోయి అలుకుతాండా."

నేను ఆమె వైపు తిరగలేదు. ఆయనతోనే మాట్లాడాను. మా ఊరి పేరు చెప్పాను. మూడు పొయ్యిలు చెప్పాను, అమావాస్య చెప్పాను, జేజి చెప్పాను, పదకొండు మందినీ వరసగా చెప్పాను. పదమూడేళ్లుగా నోట్లో నానిన మాటలు, ఒక్కటి తప్పిపోలేదు. ఆయన కళ్లు మూసుకుని ఆలోచించాడు. కాళ్ల మీద పడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను.

"ఎన్ని ఊర్లు తిరిగితినో తల్లీ, యాదికి రాలే" అన్నాడు. "పొయ్యిలు చూడమనిరి, చూస్తి."

అంతే. నేను పదమూడేళ్లు మోసిన మనిషి నన్ను ఒక్క పూట కూడా మోయలేదు. కోపంతో కళ్లు కనబడలేదు. "మళ్లా వస్తా" అని చెప్పి, చీటీ రాయకుండానే జాబితా మూసేశాను. బయటికొచ్చి, వేళ్లకున్న ఎర్రమన్ను ఆయన గోడకేసి తుడిచాను, ఐదు వేళ్లూ పడేటట్టు. అబద్ధం ఎందుకు, ఆ రోజు నాకు చాలా సుఖంగా ఉంది. బస్సెక్కి మా ఊరికి పోయాను. అమ్మ రాగిసంగటీ చింతాకు పప్పూ పెడితే రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. తింటూనే జరిగిందంతా చెప్పాను. అమ్మ సంతోషపడుతుందనుకున్నాను.

అమ్మ నా కంచంలోకి చూసింది. "ఆయమ్మ తినిందా?" అంది.

"ఎవరమ్మ?"

"ఆయప్ప పెండ్లాం. పొయ్యి అలికినామె."

నేను కంచంలోంచి చెయ్యి తీశాను.

"అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లుండాదే నీ పని" అంది అమ్మ. లేచి, మూలనున్న ఎర్రమన్ను తడిపి, మా గోడ మీది వేళ్ల గుర్తుల మీద మెత్తింది. నేను అడ్డంపడలేదు. "కంచం కడిగి పో. తొలి బస్సు పట్టుకో" అంది.

మర్నాడు పొద్దెక్కేసరికి అక్కడున్నాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొయ్యి మళ్లీ తాజాగా అలికి ఉంది, ముగ్గు కొత్తది. ఆ పని చేయడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. "మళ్లా వస్తానంటివే, సర్కారోళ్లు మళ్లా చూస్తారని శుద్ధంగా పెట్టినా తల్లీ" అంది.

చీటీ ఆమె పేరు మీద రాశాను. ఆయన పేరు కింద రాశాను. గంజి నేనే తెచ్చి ఆమెకు ముందు పోశాను, తరువాత ఆయనకు పోశాను. ఆయన రెండు చేతులూ చాచి గిన్నె పట్టుకున్నాడు. నేను తొమ్మిదో ఏట కోరుకున్నది సరిగ్గా అదే. చూశాను. ఏమీ అనిపించలేదు. ఆయన్ను మాత్రం క్షమించలేదు, ఈరోజుకీ క్షమించలేదు. చూడమన్నారని చూసేవాళ్లను నేను క్షమించలేను.

ఆ వారమే బ్లాకాఫీసుకు పోయి, పద్ధతిలో ఇంకొక మాట చేర్చమని ఆఫీసరును అడిగాను. జాబితా రాసేవాళ్లు ఏ గడప తొక్కినా, ఆ గడపలోనే ఆ క్షణమే చీటీ రాసి ఇవ్వాలి. అనుమానముంటే తరువాత విచారించుకోవచ్చు. మళ్లీ వస్తానని ఎవర్నీ తిప్పకూడదు. తిప్పినవాళ్ల పేరు ఊరి ఆడవాళ్లు ఆఫీసుకు చెప్పవచ్చు.

ఆయన కలం పట్టుకుని నా వైపు చూశాడు. "ఇదెందుకండీ? ఆకలితో ఉన్నవాళ్లను కావాలని ఎవరు తిప్పుతారు?"

"మొన్న నేను తిప్పినాను సార్" అన్నాను. "నా పేరే ముందు రాసుకోండి."